పిల్ల రానంది

సోమవారం పొద్దున్న, మూడు నెలల కిందట తను రాసిన వాక్యమే కోర్టు కాగితంలో కొటేషన్ గుర్తుల మధ్య తనకే ఎదురుపడేసరికి, వెర్నా కుచెరాకి ముందు బాగానే అనిపించింది. మనిషన్నాక ఆ మాత్రం గర్వం ఉంటుంది కదా. ముప్ఫై ఒక్కేళ్ళు బడి వంటగదిలో గరిట తిప్పిన మనిషి మాటని వకీళ్ళు ఎత్తి రాసుకోవడం రోజూ జరిగే పనా? రెండోసారి చదివాక మాత్రం కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"తమ్ముణ్ణి కలవడం మీద పాపకి పెద్దగా ఆసక్తి ఉన్నట్టు కనిపించదు" అని పాప తరఫు వాలంటీరే తన జూలై నివేదికలో రాసినందున, అంటూ మొదలుపెట్టాడు సంక్షేమ శాఖ వకీలు. ఆ 'అందున' పట్టుకుని చాలా దూరం వెళ్ళాడు. మూడున్నరేళ్ళ కోల్టన్ని, ఇప్పుడు వాణ్ణి పెంచుతున్న వోస్ దంపతులకి దత్తత ఇవ్వడానికి ఏ అడ్డూ లేదట. తొమ్మిదేళ్ళ అక్క టెస్సా ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటుందట. దత్తత అయ్యాక అక్కాతమ్ముళ్ళు కలుసుకోవడం, మానుకోవడం పెంచుకునేవాళ్ళ ఇష్టానికి వదిలెయ్యాలట. విచారణ శుక్రవారం. వాలంటీరు ఏమైనా చెప్పుకోదలిస్తే బుధవారం సాయంత్రం అయిదింటిలోగా కాగితం ఇవ్వాలి.

ఈ వాలంటీరు ఉద్యోగం జీతం లేనిది. మా కౌంటీలో తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకొచ్చిన పిల్లలు ఎక్కువ, వాళ్ళని చూసే ఉద్యోగులు తక్కువ. అందుకని జడ్జి గారు ఒక్కో పిల్లకి ఊళ్ళో ఖాళీగా ఉన్న మనిషినొకర్ని అప్పగిస్తారు. ఆ మనిషి బడికీ, డాక్టరు దగ్గరికీ, పిల్ల ఉంటున్న ఇంటికీ వెళ్ళి అందర్నీ అడిగి, ఈ పిల్లకి ఏది మంచిదో జడ్జికి రాయాలి. మూడు కట్టుబాట్లు. పిల్లని సొంత కారెక్కించకూడదు. ఇంటికి తీసుకెళ్ళకూడదు. మాట ఇవ్వకూడదు. వెర్నాకి టెస్సా ఆరో పిల్ల. మొదటి పిల్లవాడి కేసప్పుడు ప్రతిసారీ కారులో కూర్చుని ఏడ్చి, ముక్కు చీదుకుని, అప్పుడు బండి తీసేది. ఇప్పుడు ఏడవడం లేదు. ఆ ఏడుపు ఎక్కడికి పోయిందో తెలీదు, ఆవిడ వెతకనూ లేదు.

లేచి వెళ్ళి తన నోటుబుక్కు తెచ్చుకుంది. జూలై పేజీ తీసింది. ఎడం పక్క టెస్సా మార్కులు, పళ్ళ డాక్టరు తారీఖు, ఎత్తు, బరువు. కుడిపక్క ఒకే లైను: 'విజిట్లు తొమ్మిది. ఆరుసార్లు పిల్ల రానంది. షెల్బీ దగ్గర షీటు చూశాను.' అంతే. కింద ఇంకేమీ లేదు. పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. పిల్లని అడిగినట్టు ఎక్కడా లేదు, అడగలేదు గనక.

*

షెల్బీ ఒర్టెగా టెస్సా కేసు చూసే ఉద్యోగిని. ఇరవయ్యారేళ్ళు. టేబులు కింద పసిపిల్లల కారు సీటొకటి, టేబులు మీద ఆరిపోయిన నూడుల్సు గిన్నె, దాని చుట్టూ ముప్ఫై ఎనిమిది ఫైళ్ళు. వెర్నా వెళ్ళేసరికి భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో, "ఇవాళ ఒక్కరోజు ఉంచుకోండి, ఒక్కరోజే, మీకు పుణ్యముంటుంది" అంటోంది. అవతలివాళ్ళు పెట్టేశారు. షెల్బీ ఫోను వంక ఓ క్షణం చూసి పక్కన పెట్టింది.

"చెప్పండి వెర్నా గారూ. దత్తత కాగితాలు అందాయా?"

"అందాయి. విజిట్ల షీట్లు ఇంకోసారి చూపించమ్మాయ్."

షెల్బీ ఫైలు తీసి ఇచ్చింది. మార్చి నుంచి జూలై దాకా, రెండు వారాలకొకటి చొప్పున తొమ్మిది షీట్లు. ఒక్కో దాని మీద మూడు గడులు. విజిట్ జరిగింది. అవతలివాళ్ళు రద్దు చేశారు. పిల్ల రానంది. మొదటి మూడు షీట్లలో మొదటి గడిలో టిక్కు. తర్వాతి ఆరింటిలోనూ మూడో గడిలో టిక్కు. అన్నీ ఒకే చెయ్యి, ఒకే నీలం సిరా. జూలై తర్వాత షీట్లే లేవు.

"ఆగస్టు నుంచి ఏమైంది?"

"మీ రిపోర్టు వచ్చాక ఆపేశాం కదండీ. రానన్న పిల్ల కోసం వ్యానూ, మనిషీ ఎందుకని మా సూపర్‌వైజరు గారు అన్నారు." షెల్బీ గొంతు తగ్గించింది. "వెర్నా గారూ, నేనొకటి చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఈ వోస్ వాళ్ళు బంగారం లాంటి మనుషులు. వాడికి అక్కడ మాటలొచ్చాయి, బరువు పెరిగాడు. ఇప్పుడు షరతులూ అవీ అని మొదలెడితే మనకెందుకీ తలనొప్పి అని వెనక్కి తగ్గితే? మొన్న జూన్లో ఒకళ్ళు అలాగే తగ్గారు. ఆ పిల్లాడు ఇప్పుడు మూడో ఇంట్లో ఉన్నాడు."

"టెస్సా సంగతో?"

"టెస్సాకేం, నిమ్మకు నీరెత్తినట్టుంది. నాకున్న ముప్ఫై ఎనిమిది మందిలో ఫిర్యాదు ఫోను రాని పిల్ల అదొక్కతే. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను దాని గురించి."

మళ్ళీ ఫోను మోగింది. షెల్బీ తియ్యలేదు, అలాగని ఆపనూ లేదు. అది మోగినంతసేపూ ఇద్దరూ ఆ షీట్ల వంకే చూశారు.

వెర్నాకి ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. వస్తే బావుండునని మాత్రం అనుకుంది. కోపమొస్తే మనిషి కాస్త వెచ్చబడుతుంది. ఆవిడ షీట్ల మీద సంతకం చూసింది. డ్వేన్ హ్రుస్కా.

*

డ్వేన్ శాఖ వారి వ్యాను డ్రైవరు. వెర్నాకి చిన్నప్పటి బడి స్నేహితుడు. మంగళవారం మధ్యాహ్నం పెట్రోలు బంకు పక్కన వ్యానాపుకుని, గాలికి వీపు పెట్టి, క్యాబేజీ కీమా కూరిన బన్ను తింటున్నాడు. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టుకున్నాడు.

"కూర్చుని తినొచ్చుగా" అంది వెర్నా.

"కూర్చుంటే లేవలేను. లేస్తే కూర్చోలేను. నాకిదే బావుంది."

"టెస్సా ఆరుసార్లు రానందని రాశావు."

"అంది గనక రాశాను." డ్వేన్ నమలడం ఆపాడు. "నేనేం బలవంతం చెయ్యలేదు వెర్నా. ప్రతిసారీ అడిగాను."

"ఏమని అడిగావు?"

"ఏమని అడుగుతారు? మామూలుగానే. 'టెస్సా, వెళదామా, ఇవాళ వద్దా? నూట పది మైళ్ళు, నీ ఇష్టం' అని."

"దానికి అది?"

"'ఫరవాలేదండీ, వద్దులెండి' అంది. ఆరుసార్లూ అదే. 'నిజంగానేనా?' అని కూడా అడిగాను. 'నిజంగానే' అంది. బుద్ధిమంతురాలు పాపం. ఓసారి నాకు మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చింది."

వెర్నా చేతులు కోటు జేబుల్లోకి తోసుకుంది. నెబ్రాస్కాలో అక్టోబరు గాలి ఎటునుంచి వీచేదీ ఒక పట్టాన తేలదు. "మొదటి మూడుసార్లు వచ్చిందిగా. అప్పుడూ అడిగావా?"

డ్వేన్ ఆలోచించాడు. బన్ను పొట్లంలో చుట్టి వ్యాను బానెట్ మీద పెట్టాడు. "అప్పుడు నేను దిగేవాణ్ణి కాదు. హారన్ కొడితే, ఆ ఇంటావిడ గ్రెటా, పిల్లకి కోటు తొడిగి తనే తీసుకొచ్చి ఎక్కించేది. తర్వాత గ్రెటా దగ్గరికి ఇంకో ఇద్దరు పసివాళ్ళు వచ్చారు. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. దాంతో నేనే దిగి తలుపు దాకా వెళ్ళేవాణ్ణి. ఏప్రిల్లో మాకు క్లాసు కూడా పెట్టారు కదా, పిల్లల్ని అడక్కుండా ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు, వాళ్ళ మాటకి విలువ ఇవ్వాలి అని. మంచి మాటే అనిపించింది."

"మంచి మాటే."

"నడుముకి ఆపరేషను అయిన కొత్త. మెట్లెక్కితే ప్రాణం పోయేది. పిల్లకి వినిపించకుండానే మూలిగాననుకుంటా."

డ్వేన్ మొహం మెల్లగా పాలిపోయింది. అరవయ్యేళ్ళ మనిషి, ఒక్క పిల్లని కూడా కసిరి ఎరగడు.

"వెర్నా, నేను దాన్ని అడిగాను" అన్నాడు మళ్ళీ.

"నువ్వు అడిగావు. నేను అదీ చెయ్యలేదు" అంది వెర్నా. అతని బన్ను చల్లారిపోతోందని చెప్పి వచ్చేసింది.

*

బుధవారం బళ్ళో భోజనం చిల్లీ, కీమా చిక్కుళ్ళ కారం కూర. చిల్లీ పెట్టిన రోజున దాని పక్కన దాల్చినచెక్క రోల్ ఉండి తీరాలి. కారం కూర పక్కన తియ్యటి రొట్టె ఏమిటని మా పక్క ఎవరూ అడగరు. వెర్నా రిటైరై అయిదేళ్ళయినా గిన్నెల చప్పుడు వినగానే చేతులు ఏప్రన్ కోసం తడుముకున్నాయి. గరిట దగ్గర ఇప్పుడు ఆవిడ తర్ఫీదు ఇచ్చిన మనిషే ఉంది, నాడీన్. ఆవిడ చూపుతోనే పలకరించి చివరి బల్ల వైపు చూపించింది.

టెస్సా ఒక్కతే కూర్చుంది. రెండు జడలూ సమానంగా ఉన్నాయి, తనే వేసుకుంటుంది. చిల్లీ గిన్నె మధ్యలోంచి కాకుండా అంచు వెంబడి, వరసగా, గుండ్రంగా తింటోంది. తొందర లేదు, ఇష్టమూ లేదు. హోంవర్కు చేసే పిల్లలు అలా ఉంటారు.

"హలో మిస్ వెర్నా. ఇవాళ బుధవారం, మీరు రావలసింది వచ్చే వారం కదండీ" అంది.

"ఊరికే వచ్చాను." ఆ చిన్న స్టూలు మీద వెర్నా ఇబ్బందిగా సర్దుకు కూర్చుంది. "గ్రెటా గారింట్లో ఎలా ఉంది?"

"బావుందండీ."

"నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ."

ఈ జవాబులే నెలనెలా ఆవిడ నోటుబుక్కు నిండా ఉన్నాయి. జూలైలో అడగవలసింది అక్టోబరులో అడిగింది. "టెస్సా, కోల్టన్ని చూడ్డానికి వెళ్ళాలని ఉందా నీకు?"

చెంచా ఆగలేదు. "ఫరవాలేదు మిస్ వెర్నా. వద్దులెండి."

వెర్నా తల ఊపింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆవిడకి హాయిగా అనిపించింది కూడా. అడిగాం, వద్దంది, జూలై వాక్యం తప్పు కాదు, శుక్రవారం ఇంట్లో కూర్చోవచ్చు. పెన్ను తీసింది.

అంతలో నాడీన్ రోల్స్ ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ వచ్చింది. ఒకటీ అరా మిగిలినప్పుడు అలా తిప్పడం వెర్నా ఉన్నప్పటి అలవాటే. పక్క బల్ల దగ్గర నలుగురు పిల్లలు నాకు నాకు అని చేతులు చాపారు. నాడీన్ వాళ్ళ వంక చూడకుండా టెస్సా పళ్ళెంలో ఒకటి పెట్టింది.

"వద్దండీ, చాలండీ" అంది టెస్సా.

"నేనడగలేదుగా" అని నాడీన్ వెళ్ళిపోయింది.

టెస్సా ఆ రోల్ వంక చూసింది. తర్వాత చుట్టలు చుట్టలుగా విప్పి మొత్తం తినేసింది. వేళ్ళు కూడా నాకింది.

వెర్నా పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాడీన్‌కి ఆ పని నేర్పింది తనే. ఇంట్లో తిని వచ్చిన పిల్ల అడగ్గానే చెయ్యి చాపుతుంది, ఆకలి మీదున్న పిల్ల అడగ్గానే వద్దంటుంది, కాబట్టి అడక్కు, పెట్టేసి వెళ్ళిపో అని, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మొదటిరోజు చెప్పేది. ముప్ఫై ఒక్కేళ్ళు చెప్పింది. వంటగది దాటి బయటికొచ్చి, మెళ్ళో కోర్టు బిళ్ళ వేసుకోగానే ఆ తెలివి ఏట్లో కలిసింది.

పెన్ను సంచిలో పెట్టేసింది. "శనివారం కోల్టన్ దగ్గరికి వెళ్తున్నాం" అంది. కట్టుబాట్లలో మూడోది అక్కడికక్కడే పోయింది. "వాడి సంగతి నాకేం తెలీదు. అక్కడివాళ్ళకి ఏమేం చెప్పాలి?"

టెస్సా నాకుతున్న వేలు నోట్లోంచి తీసింది. రుమాలుతో శుభ్రంగా తుడుచుకుంది. బల్ల వంక చూస్తూ, పాఠం అప్పజెప్తున్నట్టు చెప్పింది. "వాడికి చెవిలో చీమొస్తుంది. ఎడం చెవి. చెప్పడు, ఆ పక్కకి పడుకోడు, అప్పుడు తెలుస్తుంది. ద్రాక్షపళ్ళు కొయ్యకుండా పెట్టకూడదు. టాయిలెట్లో చేతులారబెట్టే మిషను చప్పుడుకి భయం. ముందు బయటికి పంపించేసి తర్వాత వెయ్యాలి. కుక్కలంటే భయం లేదు, అందుకని మనమే చూసుకోవాలి. వాడికి నేను పాట పాడనక్కర్లేదు, లెక్కపెడితే చాలు. ఇరవై దాకా. పద్నాలుగుకి నిద్రపోతాడు, కానీ ఇరవై దాకా చెప్పాలి."

ఊపిరి తీసుకుంది. గొంతులో హెచ్చూ లేదు, తగ్గూ లేదు.

"డ్వేన్ గారికి నడుం నొప్పి కదండీ. ఎవరు నడుపుతారు?"

"డ్వేన్ గారే. ఆయనకి తగ్గింది."

"తగ్గలేదండీ. సోమవారం మా బడి ముందు చూశాను."

వెర్నాకి కళ్ళనీళ్ళు రావలసిన చోటది. రాలేదు. సిగ్గు మాత్రం వేసింది, మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. గంట కొట్టారు. టెస్సా పళ్ళెం తీసుకెళ్ళి చెత్త వేరుగా, చెంచా వేరుగా వేసి, వరసలో నిలబడింది.

ఇంటికెళ్ళి వెర్నా ఒకే పేజీ రాసింది. 'జూలై నివేదికలో నేను రాసిన వాక్యం, పాపని అడక్కుండా రాసినది. షీటులో ఉన్నది చూసి రాశాను. అది నేను స్వయంగా తెలుసుకున్నది కాదు. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. అక్కాతమ్ముళ్ళు కలుసుకోవడం కోర్టు ఉత్తర్వులో ఉండాలి, ఎవరి ఇష్టానికీ వదలకూడదు.' నాలుగూ నలభైకి కోర్టు కిటికీలో ఇచ్చి ముద్ర వేయించుకుంది.

గురువారం షెల్బీ ఫోను చేసింది. "వెర్నా గారూ, వోస్ వాళ్ళ వకీలు రేపు మిమ్మల్ని నిలబెట్టి దులిపేస్తాడు. మీ ఆరు కేసుల రిపోర్టులూ తవ్వుతాడు. వాళ్ళు వెనక్కి తగ్గారంటే కోల్టన్ బతుకు మీ నెత్తినే పడుతుంది. నేను బెదిరించడం లేదండీ, నాకు భయంగా ఉంది, అంతే."

"నాకూ భయం రావాలమ్మా" అంది వెర్నా. "ఎందుకో రావడం లేదు."

*

శుక్రవారం పదిన్నర కేసు పిలిచేసరికి పదకొండూ యాభై అయింది. పన్నెండింటికి జడ్జి గారి భోజనం. టెస్సా బయట వరండాలో గ్రెటా పక్కన, గ్రెటా పసివాళ్ళలో ఒకణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల మొదటి బెంచీ మీద వోస్ దంపతులు. క్రిస్టెన్ వోస్ చేతిలో కోల్టన్ బొమ్మ ఉన్న ఫ్రేము ఒకటి, జడ్జికి చూపిద్దామని కాబోలు తెచ్చుకుంది. ఇంతా చేసి భయస్తురాలు. వెర్నా వంక చూడలేక చూస్తోంది.

వాళ్ళ వకీలు కుర్రవాడు, మర్యాదస్తుడు. "అంటే వాలంటీరు గారూ, మీరు తెలుసుకోకుండానే రాస్తారన్నమాట."

"ఆ వాక్యం అలాగే రాశాను."

"మిగతావి?"

"మిగతావి అడిగి రాశాను. నోటుబుక్కు తెచ్చాను, చూసుకోండి."

"మరి మొన్న బుధవారం పాపని అడిగారు కదా. ఏం చెప్పింది?"

"వద్దంది."

వకీలు చేతులు రెండూ చాపి జడ్జి వైపు తిరిగాడు. ఇంకేం కావాలి అన్నట్టు. షెల్బీ తల దించుకుంది.

జడ్జి ట్రావర్స్ యాభై దాటిన మనిషి. పొద్దుట్నుంచీ పందొమ్మిది కేసులు చూసింది. "పాప బయటే ఉందిగా. నేనే లోపలికి పిలిచి అడుగుతాను. రెండు నిమిషాల పని" అంది.

"మీరడిగినా వద్దంటుంది జడ్జి గారూ" అంది వెర్నా.

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

"మీరు బాగా అలిసిపోయి కనిపిస్తున్నారు గనక."

కోర్టు గుమాస్తా టైపు కొట్టడం ఆపేశాడు. జడ్జి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. వెర్నాది నోటి దురుసని కాదు, ఉన్నమాట అది, ఇంకోలా చెప్పడం ఆవిడకి చేతకాలేదు. తొమ్మిది షీట్లూ వరసగా బల్ల మీద పరిచింది. "ఈ మూడుసార్లు పిల్లని ఎవరూ అడగలేదండీ. కోటు తొడిగి ఎక్కించారు. మూడుసార్లూ వెళ్ళింది. ఇక్కణ్ణుంచి అడగడం మొదలెట్టారు. అడిగింది మంచివాడే, నడుం పట్టేసి ఉన్నాడు. పిల్ల అతని మొహం చూసి వద్దంది. ఆరుసార్లు దాన్ని అడిగాం గానీ, మనకి ఇబ్బంది లేకుండా అదే చూసుకుంది. మొన్న నేను అడగడం మానేసి వెళ్తున్నామని చెప్పాను. చెప్పకూడదని తెలుసు. అప్పుడది తమ్ముడి గురించి చెప్పినవి ఇక్కడ రాసుకొచ్చాను."

చదివింది. చెవి, ద్రాక్షపళ్ళు, చేతులారబెట్టే మిషను. ఎడం చెవి దగ్గరికి వచ్చేసరికి క్రిస్టెన్ వోస్ భర్త చెయ్యి పట్టుకుంది. "సెప్టెంబరు నుంచీ ఎడం పక్కకి పడుకోవడం లేదు" అంది అతనితో, పైకే. వకీలు ఆమెని ఊరుకోమన్నట్టు చూశాడు.

పన్నెండూ అయిదయింది. జడ్జి ఆ మొగుడూ పెళ్ళాల వంక చూసింది. రెండు వారాలకోసారి శనివారం పదింటి నుంచి పదకొండున్నర దాకా, దత్తత పత్రంలో కూడా ఈ షరతు ఉంటుంది, ఒప్పుకుంటేనే సంతకం అంది. వాళ్ళు చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. షెల్బీ కళ్ళు మూసుకుంది. "సరేనండీ" అన్నాడు ఆ భర్త చివరికి.

"విజిట్ రేపట్నుంచే మొదలు. వస్తావా అని ఆ పిల్లని ఎవరూ అడగొద్దు. ఉత్తర్వులో ఆ మాటే రాయండి." జడ్జి కళ్ళజోడు పెట్టుకుంది. "మిసెస్ కుచెరా, రేపటి విజిట్ చూసి రిపోర్టు పంపండి. మీ జూలై వాక్యం, దాన్ని వెనక్కి తీసుకోవడం, రెండూ రికార్డులో ఉంటాయి. ఆ తర్వాత ఈ కేసులో ఎవరుండాలో మీ ఆఫీసు చూసుకుంటుంది."

ఆ మాటకి అర్థం వెర్నాకి తెలుసు. షీట్లు సర్దుకుని సంచిలో పెట్టుకుంది.

*

శనివారం డ్వేన్ వ్యాను ముందు, వెర్నా కారు వెనక. నూట పది మైళ్ళు. కోసేసిన మొక్కజొన్న చేలు, గోధుమ గిడ్డంగులు, మళ్ళీ చేలు. వ్యాను వెనకద్దంలోంచి రెండు జడలు కనిపించాయి. దారి పొడుగునా అవి కదల్లేదు.

వోస్ వాళ్ళ ముందుగది శుభ్రంగా ఉంది. కోల్టన్ తివాచీ మీద ట్రాక్టరు బొమ్మ నడుపుతున్నాడు. బుగ్గలొచ్చాయి, జుట్టు కత్తిరించారు. టెస్సా గుమ్మంలో నిలబడి వాణ్ణి చూసింది. వాడు తలెత్తి ఆమెని చూసి, లేచి వెళ్ళి క్రిస్టెన్ కాలు వెనక దాక్కున్నాడు.

"అక్కరా, కోల్టన్. టెస్సా అక్క. దగ్గరికి వెళ్తావా?" అంది క్రిస్టెన్.

"వద్దు" అన్నాడు వాడు. స్పష్టంగా అన్నాడు, మాటలు బాగా వచ్చాయి మరి.

అయిపోయింది అనుకుంది వెర్నా, ఇప్పుడు ఫరవాలేదండీ అని వెనక్కి తిరిగి వ్యానెక్కేస్తుంది. టెస్సా కోటు విప్పి మడత పెట్టి సోఫా మీద పెట్టింది. బూట్లు విప్పింది. తివాచీ చివర, వాడి ట్రాక్టరుకి రెండు బారల దూరంలో కూర్చుంది.

గంటన్నరా అంతే. వాడు కాసేపటికి బయటికొచ్చి ఆడుకున్నాడు. ఆమె వైపు రాలేదు. ఒకసారి చిన్న లారీ దొర్లి ఆమె కాలి కింద ఆగింది. వాడు వచ్చి నిలబడ్డాడు. ఆమె కాలెత్తింది. వాడు లారీ తీసుకుని వెళ్ళిపోయాడు. వాడి మొహంలోకి ఆమె చూడలేదు, వాడికి వెనకవైపున్న గోడ వంకే చూస్తూ కూర్చుంది. వెర్నా కుర్చీలో కూర్చుని, రిపోర్టులో ఏం రాయాలో తెలీక టైము మాత్రం రాసుకుంది. పదీ ఇరవై. పదీ నలభై. పదకొండూ పది. ఇంత చేస్తే దక్కింది ఇదా అని ఆవిడకి దిగులేసింది. చాలాకాలానికి వేసిన దిగులు అది.

పదకొండున్నరకి డ్వేన్ గుమ్మంలోకి వచ్చాడు. "టెస్సా, వెళ..." అని అలవాటుకొద్దీ మొదలుపెట్టి నోరు మూసుకున్నాడు.

టెస్సా బూట్లు తొడుక్కుంటోంది. క్రిస్టెన్ వచ్చి ఆమె పక్కన వంగింది. మంచి మనిషే, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "వీడికి నువ్వు గుర్తు లేవమ్మా. నిన్ను ఇలా చూస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంటోంది. అంత దూరం నుంచి రావాలి, పాపం ఆయనకా నడుం నొప్పి. వాడు కాస్త పెద్దయ్యేదాకా ఆగుదామా? నీకెలా ఉంటే అలాగే చేద్దాం. ఏమంటావు?"

డ్వేన్ తల పక్కకి తిప్పుకున్నాడు. అడగొద్దని ఉత్తర్వులో ఉందని వెర్నా చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. పిల్ల మొహం చూసి ఆగింది.

టెస్సా రెండో బూటు లేసు ముడేసి, దాని మీద ఇంకో ముడేసింది. ముందు క్రిస్టెన్ మొహం చూసింది, తర్వాత డ్వేన్ నడుం బెల్టు చూసింది. లేచి నిలబడి కోటు తీసుకుంది.

"వచ్చే శనివారం కాకుండా ఆపై శనివారం వస్తానండీ" అంది. "పదింటికి."

"ఆ రోజు మాకు చర్చిలో పనుంది తల్లీ. పదకొండుకైతే..."

"కుదరదండీ" అంది టెస్సా. "పదింటికే."

క్రిస్టెన్ వెళ్ళి గోడ మీది క్యాలెండరులో ఆ శనివారం చుట్టూ గీత గీసింది. టెస్సా ఆమె గీసేదాకా నిలబడి, తారీఖు సరిగ్గా ఉందో లేదో దగ్గరికెళ్ళి చూసుకుని, అప్పుడు మెట్లు దిగింది.